ముప్పై లెక్కపెట్టేదాకా

“...నడుమల దోపితే అయిపోతదా? నా బిందె నిన్న పొద్దుగూకంగ పెట్టిపోయిన గీడ. నీ బొచ్చె ఎప్పుడొచ్చింది?”

“బొచ్చె అంటవేందే? స్టీలు బిందె ఇది, పటాన్‌చెరు సంతల కొన్నది. నీ సత్తు బిందెకు మూడు సొట్టలు.”

“సొట్టలున్నా కారదు. నీ నోరు తీర్గ.”

దేవమ్మ తల తిప్పలేదు. నల్లాల గద్దెకు పది అడుగుల దూరంలో, వాల్వు గుంత పక్కన గొంతుక్కూర్చుని, నీళ్ళ ఒత్తిడి చూపే గేజీని బిగిస్తున్న చేతులనే చూస్తోంది. తిట్టుకుంటున్నది ఎవరో గొంతులను బట్టే తెలుస్తోంది. సత్తు బిందె ఆగమ్మది. స్టీలు బిందె ముత్యమ్మది. ఇద్దరివీ పక్క పక్క ఇళ్ళు.

నల్లాల్లో ఇంకా చుక్క పడలేదు. కొత్త నీళ్ళ టాంకీ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. దాని కింద గద్దె మీద నాలుగు ఇత్తడి నల్లాలు. వాటి ముందు నలభై దాకా బిందెలు, కుండలు, రెండు పెయింటు డబ్బాలు వరసలో ఉన్నాయి.

“ఓ దేవమ్మా,” ఆగమ్మ అక్కడి నుంచే కేకేసింది. “పైపు వేసినదానివి నువ్వే. ఎవల బిందె ముందుగాలనో నువ్వే చెప్పు.”

“నీళ్ళు రానియ్యి అత్తా, ముందుగాల.”

“అగ్గో, సూసినవా!” ముత్యమ్మ నవ్వింది. “వేసినామెకే నమ్మకం లేదు.”

బిందెల దగ్గరున్న ఆడవాళ్ళంతా నవ్వారు. జగడం ఆ నవ్వులో కలిసిపోయింది. దేవమ్మ మాత్రం నవ్వలేదు.

గేజీ బిగిస్తున్నది చిన్న ఇంజినీరు రామలింగేశ్వరరావు. అటు కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. చేతులు రుమాలుకు తుడుచుకుని చుట్టూ చేరినవాళ్ళకు చెప్పాడు.

“చూడండి. లైను మొత్తం నీళ్ళతో నింపాం. ఇప్పుడు ఈ చేతి పంపుతో కొట్టి ముల్లు ఆరు దగ్గర నిలబెడతాను. గంటసేపు ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు. గంటయ్యాక ముల్లు అయిదున్నరకు కిందకు రాకపోతే లైను పాసైనట్టే. అప్పుడు టాంకీలోకి వదులుతాం.”

“పాసే సార్,” అన్నాడు మేస్త్రి యాదన్న. అతని చేతిలో కొబ్బరికాయ ఉంది. “మా దేవమ్మ వేసింది ఊడదు. రెండు వందల ముప్పై ఆరు జాయింట్లు. ఒక్కటి ఊడినా నా మీసం తీయించుకుంట. గుత్తేదారుతోటి గదే చెప్పిన, మీతోటి గదే చెప్తున్న.”

దేవమ్మ తన చేతి వేళ్ళ వంక చూసుకుంది. పైపులు అతికించే సొల్యూషన్ మరకలు గోళ్ళ చుట్టూ తెల్లగా ఎండి ఉన్నాయి. రెండు వందల ముప్పై అయిదింటికి ఆమెకు భయం లేదు.

మిగిలిన ఒక్కటి వాగు కింద ఉంది.

తుమ్మలగడ్డ పటాన్‌చెరు కారఖానాలకు కింది పక్క, వాగు ఒడ్డున ఉంది. వాగు పొద్దున పలుచని చాయ్ రంగులో పారుతుంది. సాయంత్రం పైన కారఖానాలు నీళ్ళు వదిలాక బెల్లప్పాకం రంగుకు తిరుగుతుంది, మీద మోకాలెత్తు నురగ కడుతుంది. పదేళ్ళుగా ఊరి బావులు ఒక్కొక్కటే చెడిపోయాయి. తోడిన నీళ్ళు గంటసేపు కదపకుండా ఉంచితే మీద తెట్టు కడుతుంది. గేదెలు మూతి పెట్టి వెనక్కి తీస్తాయి. రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తుంది. అది వచ్చిన రోజున ఊళ్ళో ఎవరి పని వాళ్ళకు సాగదు.

వాగుకు అవతల, గడ్డ మీద, రైతు నాగయ్య చేను పక్కన గవర్నమెంటు బోరు వేస్తే మంచి నీళ్ళు పడ్డాయి. అక్కడి నుంచి ఊరి టాంకీ దాకా దాదాపు కిలోమీటరున్నర. ఇరవై అడుగుల ప్లాస్టిక్ పైపులు రెండు వందల ముప్పై ఏడు. లైను వాగు దాటక తప్పదు. వాగు అడుగున నాలుగు జాయింట్లు పడ్డాయి.

ఆ పని దేవమ్మకు ఊరికే రాలేదు.

ఆమె పుట్టిల్లు హత్నూర దిక్కు. సంగయ్యను కట్టుకుని ఈ ఊరికి వచ్చింది. సంగయ్య లారీలకు మూటలెత్తే హమాలీ. ఎనభై నాలుగులో పటాన్‌చెరు దగ్గర ఒక పైపుల కంపెనీ ఆడవాళ్ళను కూలికి తీసుకుంటోందంటే దేవమ్మ వెళ్ళింది. మొదటి ఏడు పైపులు మోసింది. రెండో ఏడు సాకెట్ల దగ్గర పెట్టారు.

పైపు ఒక కొసను వేడి పొయ్యిలో పెట్టి మెత్తపడ్డాక ఇనుప అచ్చు మీదికి తొయ్యాలి. ఆ కొస వెడల్పవుతుంది, రెండో పైపు అందులో దూరుతుంది. అదే సాకెట్టు. వేడి తక్కువైతే అచ్చు మీద పగులుతుంది. ఎక్కువైతే గోడ పలుచబడి, చూడటానికి బాగానే ఉండి, చేనులో నీళ్ళ ఒత్తిడికి చీలుతుంది. గడియారం చూసి చేసేవాళ్ళవి పదికి రెండు పోయేవి. దేవమ్మ కొస వంగే తీరు చూసి, వాసన పట్టి తీసేది. ఆమెవి వందకు ఒకటి పోయేది. ఫోర్‌మన్ సోమేశ్వర్ కొత్తవాళ్ళను తెచ్చి ఆమె పక్కన నిలబెట్టేవాడు.

ఎవరు చేసిన సాకెట్టు మీద వాళ్ళు రంగు చుక్క పెట్టాలని అక్కడ నియమం. దేవమ్మది ఆకుపచ్చ చుక్క.

తొంభై అయిదులో సాకెట్లు చేసే మిషను వచ్చింది. పదకొండు మంది ఆడవాళ్ళను ఒకే రోజు మానిపించారు. దేవమ్మ ఇంటికి వచ్చి నెల రోజులు నాట్లకు పోయింది. ఆ నెలలోనే నాగయ్య తన బోరు నుంచి చెరుకు మడికి పైపు వేయించాడు. వచ్చిన పనివాడు గడ్డిమంట మీద పైపు కొస కాల్చి నల్లగా చేస్తుంటే ఆమె గట్టు మీద నిలబడి చూడలేకపోయింది. పైపు గుంజుకుని, మంట తగ్గించి, తిప్పుతూ కాచి, రెండో పైపుకు కొబ్బరినూనె రాసి తొక్కి పెట్టింది. అచ్చు పోసినట్టు వచ్చింది. మట్టి కాలువలో సగం దారిలోనే ఇంకిపోయే నీళ్ళు ఆ ఏడు చెరుకు చివరి సాలు దాకా పోయాయి. ఆ తర్వాత చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు చేనులో పైపు వేయాలంటే ఆమెకే కబురు పెట్టారు.

ఊరి నీళ్ళ లైను వచ్చినప్పుడు గుత్తేదారు సంగారెడ్డి నుంచి మనిషిని తెస్తానన్నాడు. యాదన్న ఒప్పుకోలేదు. ఆడమనిషి ఏందని గుత్తేదారు నవ్వితే, మీసం మాట అప్పుడే మొదటిసారి అన్నాడు.

దేవమ్మకు ఒక పద్ధతి ఉంది. పైపు కొస నుంచి అయిదు వేళ్ళు కొలిచి దబ్బనంతో చుట్టూ గీత గీస్తుంది. పొడి గుడ్డతో తుడిచి సొల్యూషన్ పూస్తుంది. పైపును సాకెట్టులోకి దోపి, గీత లోపలికి పోయేదాకా తొక్కుతుంది. అప్పుడు చేతులు తియ్యదు. సాకెట్టు లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి దోపిన పైపును అది మెల్లగా వెనక్కి నెడుతుంది. సొల్యూషన్ పట్టేదాకా దాన్ని అదిమి పెట్టాలి. ముప్పై లెక్కపెట్టేదాకా. దేవమ్మ పైకే లెక్కపెట్టేది.

మొదటి రోజు కందకం తవ్వేవాళ్ళకు అది ఆటైంది. “బడి పెట్టినవా అక్కా?” అన్నారు. రెండో రోజు ఆమెతో కలిసి వాళ్ళూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై మంది మగవాళ్ళు పారల మీద ఆనుకుని, “ఇరవై ఎనిమిదీ, ఇరవై తొమ్మిదీ, ముప్పై!” అని అరిచి పారలు ఎత్తేవాళ్ళు. లైను సగానికి వచ్చేసరికి ఆ లెక్క వినిపించకపోతే ఎవరికీ మట్టి వేయబుద్ధి కాలేదు.

రామలింగేశ్వరరావు చేతి పంపు నాలుగు సార్లు కొట్టాడు. ముల్లు ఆరు మీదికి వచ్చింది. గడియారం చూసుకున్నాడు. పదీ ఇరవై.

“ఇక ముట్టుకోకండి,” అని వెళ్ళి వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకున్నాడు. యాదన్న కొబ్బరికాయ పక్కన పెట్టి బీడీ ముట్టించాడు.

దేవమ్మ గేజీ దగ్గర నుంచి లేవలేదు. కంపెనీలో పైపులు పరీక్ష చేసే తొట్టి ఉండేది. అక్కడ ఇలాంటి గేజీలే. సోమేశ్వర్ ఒకసారి చెప్పాడు. కొత్త పైపు నీళ్ళు తాగి కొంచెం సాగుతుంది, అప్పుడు ముల్లు కొంత పడుతుంది, పడి ఆగిపోతుంది. ఎక్కడైనా కారుతుంటే మాత్రం ఆగదు.

ముల్లు గింజంత కదిలింది.

ఆగుతుంది, అనుకుంది.

తొమ్మిది రోజుల కిందట వాగు పని. పొద్దు పొడవకముందే ఇసుక బస్తాలు రెండు వరసలు పేర్చి వాగును ఒక పక్కకు మళ్ళించారు. ఎండిన మేర అడుగు తవ్వారు. సాయంత్రం నాలుగు లోపల నాలుగు జాయింట్లు వేసి, మట్టి పోసి, మీద బండలు పరవాలి. నాలుగు తర్వాత కారఖానాల నీళ్ళు వస్తాయని ఊళ్ళో అందరికీ తెలుసు. మధ్యాహ్నం కందకం గోడ ఒకటి విరిగి పడింది. రెండు గంటలు దానికే పోయాయి. మూడో జాయింటు దగ్గరికి వచ్చేసరికి మూడుంపావు.

దేవమ్మ గీత గీసింది, తుడిచింది, పూసింది. అవతలి కొస కందకం తవ్వే బాలప్ప పట్టుకున్నాడు. దోపింది. గీత లోపలికి పోయింది. ఒడ్డు మీద నుంచి లెక్క మొదలైంది.

పదకొండు దగ్గర ఎవరో అరిచారు. “నురగ! నురగొచ్చింది!”

ఆ రోజు నీళ్ళు ముందే వదిలారు. పై బస్తాల వరస మీద నుంచి నురగ దొర్లింది. వాసన ముందే తగిలింది. బాలప్ప కొస వదిలి పైకి దుమికాడు. నీళ్ళు దేవమ్మ పిక్కలను తాకాయి, కారం రాసినట్టు మండాయి. ఆమె చేతులు వాటంతట అవే పైపును వదిలి గట్టును పట్టుకున్నాయి.

మళ్ళీ దిగేసరికి ఎంతసేపైందో తెలియదు. వంగి చూసింది. గీత బయట ఉంది. సాకెట్టు అంచుకు రెండు వేళ్ళ దూరంలో.

భుజం పెట్టి తోసింది. కదలలేదు. కాలితో తన్నింది. అప్పటికే పట్టుకుంది. పూర్తిగా కాదు, రెండు వేళ్ళు తక్కువగా పట్టుకుంది.

“అయిందా దేవమ్మా?” పైనుంచి యాదన్న అడిగాడు.

“అయింది.”

“నాలుగోది జల్దీ కానియ్. బస్తాలు ఆగేటట్టు లేవు.”

నాలుగోది మోకాలెత్తు నురగలో వేసింది. దానికి ముప్పై దాకా లెక్కపెట్టింది. ఒంటరిగా. ఒడ్డు మీద వాళ్ళంతా బస్తాలు మోస్తున్నారు. తర్వాత మట్టి పడింది, బండలు పడ్డాయి, వాగు వాటి మీదుగా పోయింది. గుత్తేదారు వచ్చి చూసి యాదన్న వీపు తట్టాడు.

దేవమ్మ మూడో జాయింటుకు సూటిగా ఒడ్డున ఒక తుమ్మ కొయ్య పాతింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పదీ ముప్పై అయిదు. ముల్లు ఆరుకు కొద్దిగా కిందికి వచ్చింది. దేవమ్మ గోటితో గేజీ అద్దం మీద ముల్లు ఉన్న చోట గుర్తు పెట్టుకుంది. దుమ్ములో గోరుగీత సన్నగా పడింది.

“ఏం సూస్తున్నవ్ వదినె, సినిమానా?” బాలప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. వాగు రోజు కొస వదిలి దుమికినవాడు అతనే. ఆ సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. “మా ఇంట్ల అప్పుడే పప్పుకు పొయ్యి ముట్టిచ్చి పెట్టుమన్న. నల్లా నీళ్ళకు పప్పు మంచిగ ఉడుకుతదట.”

“ఎవరన్నరు?”

“రుద్రారంల మా అక్క అన్నది. ఆళ్ళకు నల్లా ఉంది గదా.”

దేవమ్మ మళ్ళీ గేజీ వైపు వంగింది.

గోరుగీతకు కిందికి ముల్లు జరిగిందా, లేక తన తల జరిగిందా? తల అక్కడే ఉంచి ఒక కన్ను మూసి చూసింది. జరగలేదు. బాలప్ప లేచి వెళ్ళాడు. ఆమె మనసులోనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై. మళ్ళీ ముప్పై. ముల్లు అక్కడే ఉంది. ఆగింది. సాగుడే ఇది. పైపు సాగింది, అంతే. వాగు కింద మూడు వేళ్ళ పట్టు చాలింది. మూడు వేళ్ళు తక్కువేం కాదు. చేనుల్లో గడ్డిమంట మీద కాల్చి వేసినవి రెండు వేళ్ళ పట్టుతో ఏళ్ళకు ఏళ్ళు ఆగినవి ఉన్నాయి.

ఊపిరి వదిలి నల్లాల గద్దె వైపు చూసింది. ఆగమ్మ తన సత్తు బిందెను చింతపండు పెట్టి తోముతోంది.

తిరిగి చూసేసరికి ముల్లు గోరుగీతకు కింద ఉంది.

వాగు పని అయిన నాటి సాయంత్రం, అన్నం తింటున్నప్పుడు సంగయ్యతో అంది. ఒక్క జాయింటు సరిగా కూర్చోలేదని. సంగయ్య ముద్ద ఆపి ఆమెను చూశాడు.

“ఎవరన్న సూసిన్రా?”

“లేదు.”

“ఇగ సప్పుడు చెయ్యకు. మట్టిల పడ్డదాన్ని ఎవడు తవ్వి సూస్తడు?”

“కారితే?”

“కారితే వాగుల కారుతది. ఎవనికి ఎరుక?” మజ్జిగ పోసుకున్నాడు. “యాదన్న మీసం మీద మాట తీసుకున్నడు నీ కోసం. రేపటిసంది ఆయన మొఖం ఎట్ల సూస్తవ్? ఇగ ఈ సుట్టుపట్ల ఎవడన్న నిన్ను పిలుస్తడా?”

అతను అన్నది తప్పేం కాదు. కారితే బయటికే కారుతుంది, మోటరు నడుస్తున్నంత సేపు. కాని కరెంటు రోజుకు ఆరు గంటలే వస్తుంది. మోటరు ఆగిన పద్దెనిమిది గంటల్లో పైపులో నీళ్ళు ఆ సందులోంచి మెల్లగా వాగులోకి కారిపోతాయి. పైపు ఖాళీ అయ్యాక, సాయంత్రం వాగు పొంగినప్పుడు, అదే సందులోంచి వాగు లోపలికి వస్తుంది. తెల్లారి మోటరు వేయగానే టాంకీలోకి ఎక్కే మొదటి నీళ్ళు అవే. టాంకీలో కలిశాక రంగు కూడా కనిపించదు.

ఇది సంగయ్యకు చెప్పలేదు. తొమ్మిది రోజుల్లో ఎవరికీ చెప్పలేదు.

పదీ యాభై. ముల్లు ఇంకొంచెం. మొదటి పావుగంటలో ఎంత పడిందో రెండో పావుగంటలోనూ అంతే పడింది. దేవమ్మ రెండో గోరుగీత పెట్టింది.

పడమట మబ్బు పట్టి ఉంది. వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ఇంకా నాలుగు రోజులుంది. ఒక్క గట్టి వాన పడితే వాగు దిగదు, దసరా దాకా దాంట్లో ఎవరూ కాలు పెట్టలేరు. గుత్తేదారు మనుషులు రేపు పొద్దున హత్నూర పనికి పోతున్నారు. ఇప్పుడు తవ్వాలంటే బస్తాలు మళ్ళీ నింపాలి, బండలు లేపాలి, ముక్క కోసి కొత్త జాయింటు వేయాలి. మూడు రోజులు. వాన ముందే వస్తే తెరిచిన లైను తెరిచినట్టే కొట్టుకుపోతుంది. అప్పుడు ఊరికి చెడ్డ నల్లా కూడా ఉండదు, ఏ నల్లా ఉండదు. ఈ నలభై బిందెలు మళ్ళీ ట్యాంకరు వెనక ఉరుకుతాయి. అప్పుడు వాళ్ళు నోటికి తెచ్చుకునే పేరు ఎవరిదో ఆమెకు తెలుసు.

చెప్పకపోతే? ఏడాది దాకా ఏమీ కాకపోవచ్చు. ఎప్పటికీ కాకపోవచ్చు.

కంపెనీలో ఉండగా, తొంభై ఒకటిలో కాబోలు, ఒక రైతు చీలిన పైపును భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. పేరు ఐలన్న అన్నాడు. మిరప చేను ఎండిపోయిందని, వారం రోజులు పైపు ఎక్కడ పోయిందో తెలియలేదని చెప్పాడు. మేనేజరు పైపును తిప్పి చూసి, లారీలో దింపేటప్పుడు దెబ్బ తగిలిందని అన్నాడు. అప్పుడే డ్యూటీ దిగి బయటికి వస్తున్న ఆడవాళ్ళలో దేవమ్మ ఉంది. సాకెట్టు దగ్గర గోడ గోటిమందం కూడా లేదు. దాని పక్కన ఆకుపచ్చ చుక్క.

ఆమె నడిచి బస్సెక్కింది. బస్సు కదిలేటప్పుడు ఆ మనిషి పైపును నిలబెట్టి పట్టుకుని గేటు ముందు కూర్చునే ఉన్నాడు.

పదకొండూ అయిదు. మూడో గోరుగీత. మూడు గీతల మధ్య దూరం ఒకటే. అంగుళంలో ఎన్నో వంతు, కాని ఒకటే.

“ఎంతుంది దేవమ్మా?” యాదన్న అడిగాడు.

“అయిదూ ముప్పావు కాడ.”

“అయిదున్నర దాకా మాఫీనే గదా. ఇగేం పరేషాన్!” అతను లేచి మీసం దువ్వుకున్నాడు. “చెప్పిన గదా గుత్తేదారుకు. ఆడామె ఏందన్నడు. ఇయ్యాల రమ్మను.”

ఆఖరి పావుగంట ఆమె గేజీ చూడలేదు. చూడాల్సిన పని లేదు. ఎక్కడ ఆగుతుందో తెలుసు.

పదకొండూ ఇరవైకి రామలింగేశ్వరరావు వచ్చి వంగి చూశాడు. “అయిదు పాయింటు ఏడు. బాగుంది. చాలా బాగుంది.” సంచిలోంచి పుస్తకం తీశాడు.

బిందెల వరస ఒక్కసారి కదిలింది. “ఎనుకకు జరుగుండ్రి!” అని ఆగమ్మ అందర్నీ తోసింది. ముత్యమ్మ స్టీలు బిందె సత్తు బిందెకు ఆనుకుని నిలబడింది. ఎవరు ముందో ఇంకా తేలలేదు.

“సార్,” అంది దేవమ్మ. “ఆ మూడు పాయింట్లు యాడికి పోయినయి?”

“ఎక్కడికీ పోలేదమ్మా. కొత్త పైపు కాస్త సాగుతుంది. ఎక్కడో కాస్త గాలి ఉంటుంది. ఆ మాత్రం తగ్గుతుందని రూల్సులోనే ఉంది.”

“సాగుడైతే ముందుగాల పడి ఆగుతది గదా సార్.”

అతను రాస్తున్నవాడు ఆగి ఆమె వంక చూశాడు. “ఆగలేదా?”

“సార్‌ను ఎందుకు పరేషాన్ చేస్తవ్?” యాదన్న నవ్వుతూ అడ్డొచ్చాడు. “కంపెనీల పదకొండేండ్లు చేసింది సార్. ముల్లు సూడకుంటె నిద్ర పట్టదు.” అని కొబ్బరికాయ చేతికి తీసుకున్నాడు.

రామలింగేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నరకు అతనికి బీరంగూడలో ఇంకో పని ఉంది. పుస్తకంలో రెండు వరసలు రాసి, కింద తన సంతకం పెట్టి, పుస్తకం దేవమ్మ వైపు తిప్పాడు.

“జాయింట్లు వేసిన మనిషి కూడా ఇక్కడ సంతకం చెయ్యాలి. సంతకం వచ్చా, వేలిముద్రా?”

“వస్తది.”

పెన్ను తీసుకుంది. ఎవరో పిల్లను ఎత్తుకుని ముందుకు వచ్చారు. యాదన్న టాంకీ కాలు దగ్గర కొబ్బరికాయ ఎత్తి పట్టుకుని ఆమె వైపు చూస్తున్నాడు, సంతకం అయితే కొడదామని. బాలప్ప వాల్వు చక్రం మీద చేయి వేశాడు.

దేవమ్మ గేజీ అద్దం మీది మూడు గీతలను చీర కొంగుతో తుడవబోయి ఆగింది. తుడవలేదు. పెన్నుకు మూత పెట్టి పుస్తకం మీద అడ్డంగా పెట్టింది.

“బాలప్పా, చెయ్యి తియ్యి. వాల్వు తిప్పకు,” అంది. “యాదన్నా, వాగు కింద మూడోది ముప్పై కాలేదు. పదకొండు కాడ ఇడిసిన. గీత రెండు వేళ్ళు బయటనే ఉంది. అయిందని నీకు అబద్ధం చెప్పిన. నేను వాగు కాడికి పోతున్న. ఇయ్యాల్నే తవ్వుత.”